బోవీ పాటల్లో టోనీ విస్కాంటీ పని ఏమిటి? ఆయన చెప్పే జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మొచ్చు?

గోదారిగట్టు అడిగారు:

అందరికీ నమస్కారం. కొంతకాలంగా బ్రిటన్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీని వరసపెట్టి వింటున్నాను. 1977లో వచ్చిన 'లో', 'హీరోస్' ఆల్బమ్‌ల దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయాను, ముందుకు కదలబుద్ధి కావడం లేదు. వాటి ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటీ మాట్లాడిన వీడియోలు దొరికినవన్నీ చూశాను. 'హీరోస్' పాట ట్రాకులు, అంటే ఒక్కో గొంతు, ఒక్కో వాద్యం విడిగా రికార్డయిన వరసలు, ఒక్కొక్కటే తెరిచి, ఇది ఫలానా గిటారు, ఇది ఆ హాలు చప్పుడు అంటూ ఆయన వినిపిస్తుంటే అదే వీడియో ఎన్నిసార్లు చూశానో.

కానీ ఒక సంగతి అంతుబట్టలేదు. మన సినిమా పాటల పద్ధతి నాకు కొంత తెలుసు. ట్యూన్ కట్టేది, ఏ వాద్యం ఎక్కడ రావాలో చూసేది సంగీత దర్శకుడు. మైకులు పెట్టి రికార్డు చేసేది ఇంజనీరు. ఇక్కడేమో పాట బోవీదే, గొంతు బోవీదే, వాయించడానికి మంచి బ్యాండ్ ఉంది, పైగా బ్రయన్ ఈనో లాంటి సంగీతకారుడు పక్కనే ఉన్నాడు. ఇంతమంది ఉండగా విస్కాంటీకి మిగిలిన పని ఏమిటి? ఆయన లేకపోయినా ఆ పాటలు అలాగే వచ్చేవా?

ఇంకో సందేహం. ఆయన చెప్పేవన్నీ నలభై ఏళ్లు దాటిన సంగతులు. బోవీ ఇప్పుడు లేడు, కాదనడానికి. బెర్లిన్ గోడ దగ్గర ముద్దు కథ లాంటివి నిజమేనా, లేక చెప్పగా చెప్పగా నున్నగా తేలినవా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, పొడుగైనా పరవాలేదు.

---

టేపుమనిషి జవాబు:

గోదారిగట్టు గారూ, నేను విజయవాడలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతాను, కాబట్టి నా జవాబు మైకుల వైపు నుంచే ఉంటుంది. మీరే పొడుగైనా పరవాలేదన్నారు.

ముందు ఈనో సంగతి తేల్చేద్దాం. ఆ మూడు ఆల్బమ్‌లకూ ఈనో ప్రొడ్యూసర్ అని చాలామంది రాసేస్తుంటారు. కాదు. 'లో', 'హీరోస్', 1979లో వచ్చిన 'లాడ్జర్', మూడింటికీ ప్రొడ్యూసర్లు బోవీ, విస్కాంటీ ఇద్దరే. ఈనో కలిసి పాటలు కట్టాడు, సింథసైజర్ వాయించాడు, కొత్త ఆలోచనలు ఇచ్చాడు. అది తక్కువ పనేం కాదు, కానీ వేరే పని. ఈ తేడా బోవీ కూడా తర్వాత ఇంటర్వ్యూల్లో స్పష్టంగా చెప్పాడు.

ఇక విస్కాంటీ ఏం చేశాడంటే, ముందు 'లో' డ్రమ్స్ వినండి. 1976లో బోవీ, ఈనో ఫోన్ చేసి, కొత్తగా ఏదో ప్రయోగం చేయాలనుకుంటున్నాం, నువ్వేం తెస్తావని అడిగారట. అప్పుడు విస్కాంటీ దగ్గర ఈవెంటైడ్ హార్మొనైజర్ అనే కొత్త పెట్టె ఉంది, హెచ్910. వేగం మారకుండా స్వరం ఎత్తు మార్చగలిగే మొదటి తరం డిజిటల్ యంత్రం అది. దాన్ని చాలామంది గొంతులకో గిటార్లకో వాడుకునేవాళ్లు. ఈయన స్నేర్ డ్రమ్‌కు, అంటే డ్రమ్స్‌లో చటుక్కున మోగే చిన్న డ్రమ్‌కు పెట్టాడు. దెబ్బ పడగానే స్వరం కిందికి దిగుతుంది, దిగిన శబ్దాన్నే మళ్లీ అదే పెట్టెలోకి పంపిస్తే ఇంకా దిగుతుంది, అలా జారిపోతూ ఉంటుంది. ఇక్కడ అసలు తెలివి ఇంకొకటి. ఆ మారిన శబ్దాన్ని డ్రమ్మర్ డెనిస్ డేవిస్‌కు హెడ్‌ఫోన్లలో వాయిస్తుండగానే వినిపించాడు. దాంతో డేవిస్ మామూలు స్నేర్‌ను కాకుండా ఈ కొత్త శబ్దాన్నే వాయించడం మొదలుపెట్టాడు, ఎంత బలంగా కొడితే ఎలా జారుతుందో చూసుకుంటూ దెబ్బ మార్చుకున్నాడు. మిక్సింగ్‌లో, అంటే ట్రాకులన్నీ కలిపే చివరి దశలో, తగిలించి ఉంటే ఈ వాయింపు వచ్చేది కాదు. ఆ ఆల్బమ్ వచ్చాక తోటి ప్రొడ్యూసర్లు ఫోన్ చేసి ఎలా చేశావని అడిగితే, మీరేమనుకుంటున్నారో చెప్పండని ఎదురడిగేవాడట. వాళ్లు చెప్పిన ఊహలు కూడా బాగుండేవట.

రెండోది 'హీరోస్' గొంతు. బెర్లిన్‌లో హాన్సా స్టూడియోలో పెద్ద హాలు ఉంది, పాత రోజుల్లో కచేరీలు జరిగిన హాలు. విస్కాంటీ అక్కడ మూడు మైకులు పెట్టాడు. ఒకటి బోవీ నోటికి తొమ్మిది అంగుళాల దూరంలో, రెండోది ఇరవై అడుగుల దూరంలో, మూడోది హాలు చివర సుమారు యాభై అడుగుల దగ్గర. దూరపు రెండు మైకులకూ గేట్లు బిగించాడు. గేటు అంటే తలుపు లాంటిదే, శబ్దం ఒక స్థాయి దాటితేనే తెరుచుకుంటుంది. బోవీ మొదటి చరణాలు మెల్లగా, పక్కనున్న మనిషితో చెప్పినట్టు పాడతాడు, అప్పుడు దగ్గరి మైకు ఒక్కటే పనిచేస్తుంది. గొంతు పెంచగానే రెండో మైకు తెరుచుకుంటుంది. చివర్లో ఒక స్థాయి పైకెళ్లి అరిచినట్టు పాడేచోట మూడోది కూడా తెరుచుకుని హాలంతా వినబడుతుంది. వినేవాళ్లకు ఇది సాంకేతికంగా తెలియక్కర్లేదు, మనిషి బయటికి వచ్చి ఊరందరికీ వినపడేలా అరుస్తున్నట్టు ఉంటుంది, అంతే.

ఈ పద్ధతిని మా ఊళ్లో ఒక ఖాళీ కల్యాణ మండపం అద్దెకు తీసుకుని ప్రయత్నించాం. గేటు ఏ స్థాయిలో తెరుచుకోవాలో కుదరడానికే చాలాసేపు పట్టింది, సీలింగ్ ఫ్యాన్ చప్పుడుకే దూరపు మైకు తెరుచుకునేది, ఫ్యాన్లన్నీ ఆపించి చెమటలు కక్కుతూ చేశాం. అయితే నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, హాలు తెరుచుకోవడం హెడ్‌ఫోన్లలో వినగానే మా గాయకుడి పాట మారిపోయింది. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ దాచుకోవాలో తనే లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. అంటే ఆ మైకులు బోవీ గొంతును పట్టుకోవడంతో ఆగలేదు. ఎలా పాడాలో బోవీకి దారి చూపించాయి. డేవిస్ డ్రమ్స్ దగ్గర జరిగిందీ అదే. నా దృష్టిలో విస్కాంటీ పని ఇదే: వాయించేవాడి చెవిలో పడే శబ్దాన్ని మార్చి, వాడి వాయింపును మార్చడం.

దీనికి తోడు, అవి 24 ట్రాకుల టేపు రోజులు. 'హీరోస్' గొంతు రికార్డు చేసే వేళకు టేపు దాదాపు నిండిపోయింది, గొంతుకు మిగిలింది ఒకే ఒక్క ట్రాకు. ఇంకో టేక్ కావాలంటే ముందుది చెరిగిపోవాల్సిందే. ఇప్పుడు మనం కంప్యూటర్‌లో ఇరవై టేకులు దాచుకుని తర్వాత చూద్దాంలే అంటాం. అక్కడ తర్వాత అనేది లేదు. బోవీ లోపల పాడుతుంటే, ఇది ఉంచుదామా, చెరిపి మళ్లీ పాడతావా అని అద్దం ఇవతల కూర్చున్న మనిషి అప్పటికప్పుడు చెప్పాలి. ఆ మాట మీద బోవీకి నమ్మకం ఉండాలి. గాయకుడి ఎదురుగా కూర్చుని ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

గిటారు సంగతి కూడా చెప్పేస్తాను. గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ న్యూయార్క్ నుంచి విమానం దిగి వచ్చాడు, ఆ పాటలు అంతకుముందు వినలేదు. స్పీకర్‌కు ఎంత దూరంలో నిలబడితే ఏ స్వరం దగ్గర ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ శబ్దం మళ్లీ గిటారులోకి వెళ్లి ఆగకుండా మోగడం) పట్టుకుంటుందో చూసుకుని, నేల మీద ఆ చోట్లు గుర్తుపెట్టుకుని, ఒక్కో స్వరానికి ఒక్కో చోటికి జరుగుతూ వాయించాడు. అలా మూడు టేకులు. విడివిడిగా వింటే ఏ ఒక్కటీ నిలకడగా ఉండదు. విస్కాంటీ ఒకటి ఎంచుకోకుండా మూడూ కలిపి వేశాడు. పాటంతా వెనక సాగుతూ ఉండే ఆ ఏడుపులాంటి తీగ అదే. దీన్ని ఫ్రిప్ వాయించాడనాలా, విస్కాంటీ చేశాడనాలా? ఇద్దరూ.

---

రావిచెట్టు జవాబు:

టేపుమనిషి గారు రాసింది చదివి మళ్లీ ఆ పాట పెట్టుకున్నాను, నిజంగానే మూడో మైకు తెరుచుకునే చోటు దొరికింది. అయితే నేను రెండో వైపు నుంచి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. విస్కాంటీ లేకపోతే బోవీ లేడన్నట్టు మాట్లాడటం సరికాదు.

1969 తీసుకోండి. 'స్పేస్ ఆడిటీ' పాట డెమో, అంటే నమూనా రికార్డింగు, విని విస్కాంటీ వద్దన్నాడు. మనుషులు చంద్రుడి మీదికి వెళ్తున్న సందడిని వాడుకునే చౌక ఎత్తు అనిపించిందట. ఆ ఒక్క పాటా ఇంకో ప్రొడ్యూసర్ గస్ డడ్జన్‌కు అప్పజెప్పి, మిగతా ఆల్బమ్ తను చేశాడు. ఆ పాటే బోవీకి మొదటి హిట్, బ్రిటన్ చార్టుల్లో ఐదో స్థానం దాకా వెళ్లింది. 1970లో 'ద మ్యాన్ హూ సోల్డ్ ద వరల్డ్'కు ప్రొడ్యూసర్ ఆయనే, బేస్ గిటారూ ఆయనే. బోవీకి అప్పుడు కొత్తగా పెళ్లయింది, స్టూడియోకు వచ్చి కూడా పని మీద ధ్యాస లేదు, సాహిత్యం ఆఖరి నిమిషం దాకా రాయలేదు అని విస్కాంటీయే చెప్పుకున్నాడు. విసిగిపోయి గాయకుడు మార్క్ బోలాన్ వైపు, ఆయన బ్యాండ్ టి. రెక్స్ వైపు వెళ్లిపోయాడు. బోవీని ప్రపంచం తలకెత్తుకున్న 'జిగ్గీ స్టార్‌డస్ట్' కాలమంతా ప్రొడ్యూసర్ కెన్ స్కాట్. 1975లో 'యంగ్ అమెరికన్స్' పని దాదాపు పూర్తయి, విస్కాంటీ లండన్‌లో మిక్సింగ్ చేస్తుండగా, అటు న్యూయార్క్‌లో బోవీ జాన్ లెనన్‌తో కూర్చుని 'ఫేమ్' రికార్డు చేసేశాడు. అది అమెరికాలో నంబర్ వన్. విస్కాంటీకి ఫోన్‌లో తెలిసింది. అంటే బోవీకి బాగా పేరు తెచ్చిన చాలా పాటల దగ్గర ఈయన లేడు.

అందుకే నేను ఆయన్ని ఎక్కువ నమ్ముతాను కూడా. ఇవన్నీ మనకు ఎక్కువగా ఆయన నోటి నుంచే తెలిశాయి. తను వద్దన్న పాట హిట్టయిన సంగతి దాచుకోకుండా చెప్పే మనిషి, మిగతా చోట్ల మరీ అల్లి చెబుతాడని అనుకోను.

ముద్దు కథకు వద్దాం. విస్కాంటీ చెప్పేది: బోవీ సాహిత్యం రాసుకోవడానికి ఏకాంతం కావాలంటే, తను బ్యాకింగ్ పాడిన అమ్మాయితో బయటికి నడిచాడు, గోడ దగ్గర ఇద్దరూ ముద్దు పెట్టుకోవడం బోవీ కిటికీలోంచి చూశాడు, అది పాటలోకి వచ్చేసింది. విస్కాంటీకి అప్పటికే పెళ్లయింది, భార్య మేరీ హాప్కిన్, ఆవిడా గాయనే, 'లో'లో ఒక పాటకు గొంతు కూడా ఇచ్చింది. అందుకని బోవీ చాలా ఏళ్లు ఎవరో ఒక ప్రేమజంట అని మాత్రమే చెబుతూ వచ్చాడు. 2003లో తనే, ఇప్పుడు చెప్పొచ్చు, అది టోనీయేనని బయటపెట్టాడు. ఇద్దరూ విడివిడిగా ఒకే మాట చెప్పారు కాబట్టి ఆ ఘటన జరిగిందనే నేనూ నమ్ముతాను. పాటంతా దాన్నుంచే పుట్టిందంటే మాత్రం ఒప్పుకోను. గోడల మధ్య ప్రేమికుల బొమ్మ ఒకటి జర్మన్ చిత్రకారుడు ఆటో ములర్ వేశాడు, బెర్లిన్‌లో బోవీ చూసి ఇష్టపడ్డ చిత్రాల్లో అదొకటి, ఆ పాట గురించి చెప్పేటప్పుడు దాని పేరూ వస్తుంది. ఒక పాటకు ఒకే కారణం ఉండాలని మనకెందుకు పట్టుదల?

నా కొలత ఏమిటంటే, మైకు, టేపు, యంత్రం గురించి ఆయన చెప్పినది టేపులో వినబడుతుంది, కాబట్టి నమ్మడానికి అడ్డేమీ లేదు. మనుషుల మనసులో ఏముందో చెప్పినప్పుడు ఆయన మాటగా మాత్రమే తీసుకుంటాను.

---

పొగమంచు జవాబు:

నేను బెర్లిన్‌లో చదువుకుంటున్నాను, హాన్సా స్టూడియో ఉన్న క్యోటెనర్ వీధి మా కాలేజీ దారిలోనే. ఇప్పుడు చుట్టూ పెద్ద భవనాలు, పోట్స్‌డామర్ ప్లాట్స్ షాపింగ్ జనం. 1977లో అక్కడ యుద్ధంలో కూలిన ఖాళీ జాగాలు, ఆ తర్వాత గోడ. కంట్రోల్ రూమ్ కిటికీలోంచి చూస్తే గోడ, దాని వెనక కాపలా బురుజు, అందులో బైనాక్యులర్లతో తూర్పు జర్మనీ సైనికులు. విస్కాంటీ చెప్పిన ఒక సంగతి ఇక్కడ రాయాలి. ఇంజనీర్ ఎడు మేయర్‌ను ఒకసారి, వీళ్లు మనల్ని చూస్తూనే ఉంటారా అని అడిగితే, మేయర్ టేబుల్ దీపాన్ని పట్టుకుని నేరుగా బురుజు వైపు తిప్పి వెలిగించాడట. విస్కాంటీ, బోవీ ఇద్దరూ భయంతో కన్సోల్ (మిక్సింగ్ బల్ల) కిందికి దూరారు. అక్కడే పనిచేసే మేయర్‌కు అది రోజూ చూసేదే, వీళ్లిద్దరికి మాత్రం ప్రాణం మీది సంగతి.

రావిచెట్టు గారు ఒకే కారణం ఎందుకని అడిగింది నాకు నచ్చింది. ఆ కిటికీ ముందు రోజూ కూర్చుని పనిచేసినవాళ్ల పాటలోకి గోడ రాకపోతేనే ఆశ్చర్యం, ముద్దు ఉన్నా లేకపోయినా.

ఇంకోటి. ఆ పాట వచ్చినప్పుడు పెద్ద హిట్ కాదు, బ్రిటన్‌లో 24వ స్థానం దగ్గరే ఆగింది. 1987 జూన్‌లో బోవీ ఇక్కడే, పాత పార్లమెంటు భవనం రైష్టాగ్ ముందు కచేరీ చేశాడు, గోడకు అటువైపు తూర్పు బెర్లిన్ కుర్రాళ్లు వినడానికి గుమిగూడారు. 2016లో బోవీ చనిపోయినప్పుడు జర్మనీ విదేశాంగ శాఖ, గోడ కూలడానికి తోడ్పడినందుకు కృతజ్ఞతలని ప్రకటించింది. ఇక్కడ పెద్దవాళ్లతో మాట్లాడితే ఆ పాటను తమ ఊరి పాట అనే అంటారు.

---

నెలవంక జవాబు:

అందరూ బెర్లిన్ దగ్గరే ఆగిపోయారు, నాకేమో విస్కాంటీ గురించి తలుచుకుంటే చివరి పదిహేనేళ్లే ముందు గుర్తొస్తాయి.

1980లో 'స్కేరీ మాన్‌స్టర్స్' తర్వాత, వచ్చే ఆల్బమ్ కూడా తమదేనని విస్కాంటీ 1982 చివర్లో సమయం అట్టేపెట్టుకున్నాడు. ఎంతకీ కబురు లేకపోతే ఫోన్ చేశాడు. బోవీ అప్పటికే ఇంకో ప్రొడ్యూసర్ నైల్ రాడ్జర్స్‌తో స్టూడియోలో ఉన్నాడని ఆయన సహాయకురాలు చెప్పింది. అదే 'లెట్స్ డాన్స్', బోవీ జీవితంలో అమ్మకాల్లో అన్నింటికన్నా పెద్దది. ఎవరితో చేయాలన్నది బోవీ ఇష్టం, అందులో తప్పు లేదు, కానీ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. అంతకాలం పక్కన కూర్చున్న మనిషికి మూడో మనిషి ద్వారా తెలియడం నాకైతే ఇప్పటికీ బాధనిపిస్తుంది. మళ్లీ వాళ్లిద్దరూ కలిసి పనిచేయడం 1998 ప్రాంతంలో, పూర్తి ఆల్బమ్ 2002లో 'హీదన్'. తర్వాతి ఏడాది 'రియాలిటీ'. 2004 టూర్ మధ్యలో బోవీకి గుండె జబ్బు బయటపడింది, ఆపరేషన్ అయింది, ఇక పాడటం మానేశాడనే లోకమంతా అనుకుంది.

ఇక్కడే అసలు సంగతి. 2011 నుంచి న్యూయార్క్‌లో సోహో దగ్గర మ్యాజిక్ షాప్ అనే స్టూడియోలో వీళ్లు 'ద నెక్స్ట్ డే' రికార్డు చేశారు. వచ్చిన ప్రతి వాద్యకారుడి చేతా రహస్యంగా ఉంచుతామని కాగితం మీద సంతకం పెట్టించారు. స్టూడియోలో కూడా ఒకరిద్దరు మనుషులే. ఆ రోజుల్లో నేను న్యూజెర్సీ నుంచి రోజూ మాన్‌హాటన్‌కు ఉద్యోగానికి వెళ్లేదాన్ని, బోవీ అంటే పడి చచ్చేదాన్ని, అదే ఊళ్లో ఆ పని జరుగుతుంటే చీమ చిటుక్కుమన్నట్టు కూడా తెలియలేదు. 2013 జనవరి 8న, బోవీ 66వ పుట్టినరోజున, ఏ ప్రకటనా లేకుండా ఒక పాట వదిలారు. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి చూపిస్తే పాత పాటేమో అనుకున్నాను.

విస్కాంటీ చెప్పిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ రెండేళ్ల సంగతే. కొత్త పాటల మిక్సులు హెడ్‌ఫోన్లలో వింటూ న్యూయార్క్ వీధుల్లో నడిచేవాడట. ఎదురుగా ఎవరో బోవీ బొమ్మ టీషర్టు వేసుకుని వస్తుంటే, నా చెవుల్లో ఏముందో నీకు తెలిస్తేనా అనుకునేవాడట. రెండేళ్లు ఆ ఆనందాన్ని ఒక్కడే మోయడం చిన్న విషయమా? టేపుమనిషి గారు మైకుల గురించి రాసినదంతా ఒప్పుకుంటూనే ఒకటి కలుపుతున్నాను, ఈయన్ని బోవీ మళ్లీ పిలిచింది చెవి కోసం ఎంతో, నోరు కట్టుకోగలడన్న నమ్మకం కోసం కూడా అంతే. గోడ దగ్గర టోనీ గుట్టును బోవీ ఎన్నో ఏళ్లు దాచాడు. చివర్లో బోవీ గుట్టును టోనీ దాచాడు.

'బ్లాక్‌స్టార్' అయితే ఇంకా కష్టం. 2015 మొదట్లో అదే స్టూడియోలో, డానీ మెకాస్లిన్ జాజ్ బృందంతో రికార్డింగ్. బోవీకి క్యాన్సర్, కీమోథెరపీ జరుగుతోంది. మొదటిసారి వచ్చినప్పుడు తల మీద జుట్టు లేదు, కనుబొమలు లేవు, దాచడానికి వీల్లేక వాద్యకారులకు కూడా చెప్పాడట. ఒక్కరు కూడా బయట అనలేదు. సాహిత్యం చదివి, ఇది నువ్వు చెబుతున్న వీడ్కోలు కదా అని విస్కాంటీ అడిగితే బోవీ నవ్వాడట. అలాగని పని ఆపాలనుకోలేదు. చనిపోవడానికి సుమారు వారం ముందు వీడియో కాల్ చేసి, ఇంకో ఆల్బమ్ చేద్దాం, కొత్త పాటల డెమోలు ఉన్నాయన్నాడని విస్కాంటీ చెప్పాడు. 2016 జనవరి 8న ఆల్బమ్ వచ్చింది, 10న బోవీ పోయాడు. అమెరికా చార్టుల్లో ఆయనకు నంబర్ వన్ అయిన మొదటి ఆల్బమ్ అదే. ఏడాదిగా తెలుసు, అయినా సిద్ధంగా లేనని విస్కాంటీ ఆ రోజు రాశాడు.

ఈ జ్ఞాపకాలు నమ్మొచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు ఇదీ: చెప్పకూడని వేళ చెప్పకుండా ఉన్న మనిషి, చెప్పొచ్చన్నాక చెప్పింది నేను నమ్ముతాను.

---

గోదారిగట్టు జవాబు:

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. నెలవంక గారూ, ఆ వీడియో కాల్ సంగతి నాకు తెలియదు, చదివి కాసేపు ఏమీ తోచలేదు. టేపుమనిషి గారూ, వాయించేవాడి చెవిని మార్చడం అన్న మాటతో నా మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. ఇంకొక్కటి అడుగుతాను. 'లాడ్జర్' మాత్రం మిగతా రెండింటిలా నాకు ఎక్కలేదు, శబ్దమంతా సన్నగా, ఇరుకుగా అనిపించింది. నా హెడ్‌ఫోన్ల తప్పా, లేక నిజంగానే తేడా ఉందా?

---

టేపుమనిషి జవాబు:

మీ హెడ్‌ఫోన్ల తప్పేం లేదు. ఆ మిక్స్ విస్కాంటీకే నచ్చలేదు. 'లాడ్జర్' రికార్డింగ్ ఎక్కువగా స్విట్జర్లాండ్‌లోని మోంట్రోలో జరిగింది, మిక్సింగ్‌కు న్యూయార్క్ వెళ్లారు, అక్కడ దొరికిన స్టూడియో తమకు కావాల్సినట్టు లేదని, ఆ పాటలకు న్యాయం జరగలేదని ఆయన చాలా ఏళ్లు అంటూనే ఉన్నాడు. చివరికి పాత మల్టీట్రాక్ టేపుల నుంచి మళ్లీ మొదలుపెట్టి మిక్స్ చేశాడు. కొన్ని పాటలు బోవీ బతికుండగానే వినిపించాడు, బోవీ సరేనన్నాడు. 2017లో వచ్చిన బాక్స్ సెట్‌లో (కొన్ని ఆల్బమ్‌లు కలిపి ఒకే పెట్టెలో అమ్మేది) ఆ కొత్త మిక్స్ ఉంది.

రావిచెట్టు గారి కొలతకు కూడా ఇది పనికొస్తుంది. అప్పుడు మిక్స్ సరిగ్గా కుదరలేదని ఆయన అన్న మాట నిజమో కాదో ఎవరినీ అడగక్కర్లేదు, రెండూ పక్కపక్కన పెట్టుకుని వినొచ్చు. అవే టేపులు, అదే వాయింపు, మారింది మిక్సింగ్ ఒక్కటే. వాల్యూమ్ రెండింటికీ సమానంగా ఉండేలా చూసుకోండి, లేకపోతే ఏది గట్టిగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది. మొదట డెనిస్ డేవిస్ డ్రమ్స్ మీద చెవి పెట్టండి, తర్వాత బేస్ మీద, గొంతు ఆఖర్న. పాత మిక్స్‌లో అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నట్టుంటాయి, కొత్తదాంట్లో డ్రమ్స్‌కు, బేస్‌కు మధ్య చోటు వచ్చింది. పాతదానికి అలవాటు పడ్డవాళ్లు కొందరు అదే బాగుందంటారు, వాళ్లతో నాకు పేచీ లేదు, నేనైతే ఇప్పుడు 2017 మిక్సే వింటున్నాను. విన్నాక మీకేమనిపించిందో ఇక్కడే రాయండి, ఏ పాటలో తేడా ఎక్కువ తెలిసిందో కూడా చెప్పండి.